ఒక్కరితో కాని ప్రశ్న

విజ్ఞాన ప్రదర్శనలకు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లే ఉపాధ్యాయులకు అక్కడి బల్లల మీద ఏమేమి ఉంటాయో చూడకుండానే చెప్పగల అనుభవం వచ్చేస్తుంది. థర్మాకోల్‌తో చేసిన అగ్నిపర్వతం, ఎర్ర రంగు వేసిన గుండె నమూనా, మోటారు తిరగని గాలిమర, వాటి వెనక కంఠస్థం చేసిన వివరణతో నిలబడిన ఇద్దరు పిల్లలు. న్యాయనిర్ణేత మధ్యలో ఆపి ఒక ప్రశ్న వేస్తే ఆ పిల్లలు వివరణను మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకుంటారు తప్ప ప్రశ్నకు జవాబు చెప్పరు. తప్పు పిల్లలది కాదు. ఆ నమూనాలో వాళ్లు తేల్చుకోవలసిన విషయం ఏదీ మొదటి నుంచీ లేదు. బజారులో అరవై రూపాయలకు దొరికే సామానును అతికించడానికి ఇద్దరు ఎందుకన్నది కూడా ఎవరూ అడగరు.

శిక్షణ తరగతుల్లో సృజనాత్మకత, జట్టు పని అన్న మాటలు ఎన్నిసార్లు వినబడతాయో లెక్కలేదు. వాటిని పెంచడానికి ఆటలు చెబుతారు, పాటలు చెబుతారు, బల్లలను గుండ్రంగా జరపమంటారు. నల్లగొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతున్న నాకు అనుభవం మీద ఏర్పడిన అభిప్రాయం వేరుగా ఉంది. ఒక్క విద్యార్థి పది నిమిషాల్లో తేల్చేయగల ప్రశ్న చుట్టూ నలుగురిని కూర్చోబెడితే ఒకరు పని చేస్తారు, ముగ్గురు చూస్తారు. ఒక్కరి చేతులు, ఒక్కరి కళ్లు చాలని ప్రశ్నను, జవాబు పుస్తకంలో అచ్చయి లేని ప్రశ్నను ఇస్తే మాత్రం బల్లలు ఎలా ఉన్నా పిల్లలు ఒకరి దగ్గరికి ఒకరు జరుగుతారు. కాబట్టి ఉపాధ్యాయుడు ముందుగా శ్రమ పడవలసింది ప్రశ్నను ఎంచుకోవడంలోనే.

మన పాఠ్యపుస్తకాలు దీనికి అడ్డుపడుతున్నాయని నేను అనను. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత తయారైన తెలుగు సైన్సు పుస్తకాల్లో ప్రతి పాఠంలోనూ కృత్యాలు ఉన్నాయి. విద్యాప్రమాణాల జాబితాలో విషయావగాహన తర్వాత రెండో స్థానంలోనే "ప్రశ్నించడం, పరికల్పన చేయడం" ఉంది, మూడోది "ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు". నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే చదువు సాగుతుండగా మధ్యమధ్యలో చేసే మదింపులో, ప్రాజెక్టు పనికి మార్కులు కేటాయించారు. ఇన్ని ఉన్నా, కృత్యం కింద పేరాలోనే ఫలితం రాసి ఉండడం వల్ల పిల్లలు కృత్యాన్ని వదిలి ఆ పేరాను చదువుకుంటారు. ప్రాజెక్టు పేరుతో గైడులోని నాలుగు పేజీలను స్కెచ్ పెన్నులతో అలంకరించి తెస్తారు. ఏ జట్టు పని చూసినా అదే చేతిరాత, అదే గులాబీ రంగు అంచు కనబడుతుంది.

కృత్యాన్ని రాసే పద్ధతిలోనే ఈ చిక్కును విప్పవచ్చని మన దేశంలో చాలా కాలం కిందటే చేసి చూపించారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో కిశోర్ భారతి అనే స్వచ్ఛంద సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 16 మాధ్యమిక పాఠశాలల్లో సైన్సు బోధనా కార్యక్రమం మొదలుపెట్టాయి. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దానిని అందిపుచ్చుకుని వందల పాఠశాలలకు విస్తరించింది. అక్కడి పుస్తకంలో ప్రయోగం ఎలా చేయాలో ఉండేది, చూడవలసినవి ఏమిటో ప్రశ్నల రూపంలో ఉండేది, ఫలితం మాత్రం ఉండేది కాదు. ఆ ఖాళీని పిల్లలే తమ నోటు పుస్తకంలో నింపుకోవాలి. పిల్లలు నలుగురేసి జట్లుగా పనిచేసేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవడానికి అనుమతి ఉండేది, ప్రయోగ పరీక్ష విడిగా ఉండేది. 2002లో అక్కడి ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు ప్రభుత్వ పల్లెబడుల్లో నడిచిన పనిని, ఇది మన బడుల్లో సాధ్యమయ్యే పని కాదని కొట్టిపారేయడం నాకు సబబుగా తోచదు.

నేను ఎనిమిదో తరగతికి ఇచ్చే ప్రశ్న చూడడానికి చాలా మామూలుది. వానాకాలపు చెరువు నీళ్లు తేటపడాలంటే పటిక ఎంత వేయాలి? పటిక మా పిల్లలకు కొత్త వస్తువు కాదు. మంగలి దుకాణంలో గడ్డం గీసిన తర్వాత దానితో రుద్దడం చూశారు, దిష్టి తగలకుండా దుకాణాల గుమ్మానికి నల్లతాడుతో కట్టి వేలాడదీయడం చూశారు, బిందెలో నాలుగు చుట్లు తిప్పి తీయడం ఇళ్లలో పెద్దవాళ్లు చేస్తుంటే చూశారు. ఎందుకు వేస్తారని అడిగితే క్లాసు మొత్తం జవాబు చెబుతుంది. ఎంత వేయాలని అడిగితేనే నిశ్శబ్దం. ఆ సంఖ్య నా దగ్గర కూడా ఉండదు, ఎందుకంటే అది ఆ రోజు చెరువు నీటిలో ఎంత మట్టి ఉంది, ఎలాంటి మట్టి ఉంది అన్నదాని మీద ఆధారపడి మారుతూ ఉంటుంది. పట్టణాలకు నీళ్లిచ్చే శుద్ధి కేంద్రాల్లో కూడా ఇదే పని చేస్తారు. వరుసగా పెట్టిన ఆరు పాత్రల్లో ఒకే నీటిని నింపి, ఒక్కో పాత్రకు ఒక్కో మోతాదు పటిక కలిపి, ఒకే వేగంతో కలియబెట్టి, ఏది బాగా తేటపడిందో చూసి మోతాదు నిర్ణయిస్తారు. దాన్ని జార్ టెస్ట్ అంటారు. ఈ సంగతి పిల్లలకు ముందుగా చెప్పను.

మొదటి చిక్కు తూకం దగ్గర వస్తుంది. అర లీటరు నీటికి పది, ఇరవై మిల్లీగ్రాముల పటిక కావాలి. బడిలోని త్రాసుకు అంత చిన్న బరువు పట్టుబడదు. పిల్లలు చాలాసేపు పటికను దంచి పొడి చేసి, చిటికెలతో, బియ్యపు గింజలతో పోల్చి పంచడానికి ప్రయత్నిస్తారు. చివరకు ఒక అమ్మాయి చెప్పిన దారి ఇప్పటికీ నాకు ఇష్టమైనది. వాళ్ల వీధిలోని అవుసలాయన (కంసాలి) దగ్గర పది గ్రాములు కచ్చితంగా తూయించుకొచ్చి, లీటరు నీటిలో కరిగించి, సిరంజితో కొలిచి పోస్తే సరిపోతుందని చెప్పింది. అప్పుడు ఒక్కో మిల్లీలీటరులో పది మిల్లీగ్రాముల పటిక ఉంటుంది. చిన్న మొత్తాన్ని తూచలేనప్పుడు పెద్ద మొత్తాన్ని తూచి, కరిగించి, పంచుకోవచ్చన్న ఆలోచన రసాయన ప్రయోగశాలల్లో రోజూ జరిగేదే. ఆ పిల్ల దానిని ఎక్కడా చదవలేదు. సృజనాత్మకత అన్నప్పుడు నా మనసులో ఉండేది ఇటువంటి సంఘటనే. రంగు కాగితాలతో దానికి పెద్దగా పని లేదు.

రెండో చిక్కు, తేటపడడాన్ని దేనితో కొలవాలన్నది. "బాగ తేటైనయి", "జర తేటైనయి" అన్న మాటలతో పట్టిక నింపలేమని వాళ్లకే త్వరగా అర్థమవుతుంది. ఒక జట్టు సీసా వెనక దినపత్రిక పెట్టి ఏ సైజు అక్షరం వరకు చదవగలుగుతున్నారో చూసింది. మరొక జట్టు గాజు గ్లాసు అడుగున కాగితం మీద పెన్నుతో గుణకారపు గుర్తు గీసి పెట్టి, పై నుంచి చూస్తూ నీళ్లు పోసుకుంటూ పోయి, ఆ గుర్తు కనబడకుండా పోయిన ఎత్తును స్కేలుతో కొలిచింది. రెండో పద్ధతి మెరుగైనదని క్లాసు ఒప్పుకుంది, ఎందుకంటే ఒకరి చూపు బాగుండి ఇంకొకరి చూపు బాగాలేకపోయినా అందరి నీళ్లనూ ఒకే మనిషి చూస్తే తేడా సరిపోతుందని వాళ్లు వాదించుకున్నారు. 1865లో ఏంజెలో సెక్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త మధ్యధరా సముద్రంలో తెల్లని బిళ్లను తాడుతో దించి, అది కనుమరుగయ్యే లోతును బట్టి నీటి పారదర్శకతను కొలిచాడని అప్పుడు చెప్పాను. ముందే చెప్పి ఉంటే అది పాఠంలో మరొక పేరు మాత్రమే అయ్యేది.

అసలు విషయం గొడవతో మొదలయింది. రెండు జట్లు ఒకే చెరువు నీటికి ఒకే మోతాదు, అర లీటరుకు రెండు మిల్లీలీటర్లు, కలిపాయి. ఒకరి సీసాలో అరగంటకు అడుగున మట్టి పేరుకుని పైన నీరు తేటపడింది. రెండో వాళ్లది మబ్బు మబ్బుగానే ఉండిపోయింది.

"మీరు తక్కువ పోసిండ్రు" అని మొదటి జట్టు.

"మేం గూడ రెండే పోసినం. కావాలంటే సిరంజి సూసుకోండ్రి" అని రెండో జట్టు.

నా వైపు చూశారు. నేను ఏమీ చెప్పలేదు. సిరంజిలు మార్చుకుని, ఒకరి ఎదుట ఒకరు మళ్లీ చేయాలని వాళ్లే ఒప్పందానికి వచ్చారు. ఈసారి కూడా అదే తేడా వచ్చింది. అంతవరకు ఏ జట్టులోనూ గట్టిగా మాట్లాడని ఒక పిల్లవాడు, గడియారం చూసే పని అప్పగిస్తే రెండు జట్ల మధ్య నిలబడి ఉన్నవాడు, అన్నాడు: "మేడం, గీళ్లు ముందుగాల జోరుగ తిప్పి తర్వాత నిమ్మలంగ తిప్పుతున్నరు. గాళ్లు ఆఖరిదాంక జోరుగనే తిప్పుతున్నరు."

అక్కడే పాఠం దొరికింది. నీటిలోని సన్నని బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూ ఉంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని తటస్థపరిచి, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి, దూదిపింజల వంటి మెత్తని ముద్దలు కడుతుంది. పటిక నీరంతటా పరచుకోవడానికి మొదట వేగంగా తిప్పాలి. ఆ ముద్దలు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కడానికి ఆ తర్వాత నెమ్మదిగా తిప్పాలి. ఆఖరి దాకా వేగంగా తిప్పితే కట్టిన ముద్ద కట్టినట్లే చెదిరిపోతుంది. శుద్ధి కేంద్రాల్లో ఈ రెండు దశలకు రెండు వేరువేరు తొట్లు ఉంటాయి. ఈ వివరణను నేను పది నిమిషాలు చెబితే క్లాసు కదలకుండా విన్నది, ఎందుకంటే అది వాళ్ల తగాదాకు తీర్పు. రెండు జట్లు లేకపోతే ఆ తేడా బయటపడేదే కాదన్న సంగతిని కూడా గమనించాలి. నలుగురు ఒకచోట కూర్చోవడం కంటే, ఒకరి ఫలితానికి ఇంకొకరు జవాబుదారీగా ఉండడం జట్టు పనిలో పెద్ద భాగమని నాకు తోస్తుంది.

జట్టు లోపల ఏమి జరుగుతుందో కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పెద్దగా రాయరు. పిల్లలను వాళ్ల మానాన వదిలేస్తే నీళ్లు మోసుకురావడం, సీసాలు కడగడం, చివర్లో గది ఊడ్వడం ఆడపిల్లల పని అవుతుంది. సిరంజి, గడియారం మగపిల్లల చేతుల్లోకి పోతాయి. చేతిరాత బాగున్న పాపకు రాయడం తప్ప మరో పని దొరకదు. ఇల్లు నేర్పిన పంపకం బడిలో దానంతట అది సరికాదు. కాబట్టి నేను ఒక నియమం పెట్టుకున్నాను. కొలిచిన వాళ్లు రాయకూడదు, రాసిన వాళ్లు మరుసటి ప్రయోగంలో కొలవాలి, కడిగే పని జట్టులో వంతులవారీగా తిరగాలి. దీనివల్ల పని కొంత నెమ్మదిస్తుంది. కొలతలు కూడా మొదట్లో వంకరగా వస్తాయి. అయినా పట్టిక రాసే పిల్లవాడు "నువ్వు సదివిన అంకె మల్ల సెప్పు" అని ఇంకొకరిని నిలదీయడం మొదలుపెట్టిన తర్వాత అంకెలు మెరుగుపడతాయి. నలుగురి కంటే పెద్ద జట్టు పెట్టను. ఐదో మనిషికి పని దొరకదు, ఆరో మనిషి పక్క జట్టు పని చెడగొడతాడు.

ఈ పాఠం పటికతో ఆగలేదు. ఒక పిల్ల వాళ్ల నానమ్మ చెప్పిందంటూ, పూర్వం చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్లు తేటపరిచేవారని చెప్పింది. ఆ గింజలు మాకు వెంటనే దొరకలేదు గానీ, మునగ గింజలు ప్రతి ఇంటి పెరట్లో ఉన్నాయి. ఎండిన మునగ గింజల్లోని ప్రోటీన్లకు ధనావేశం ఉంటుంది. అవి కూడా మట్టి రేణువులను దగ్గరకు చేరుస్తాయి. పిల్లలు పొట్టు తీసి నూరి, నీటిలో కలిపి, గుడ్డతో వడకట్టి, పటికతో పోటీ పెట్టారు. నీళ్లు తేటపడ్డాయి. కానీ నాలుగు రోజులు అలాగే ఉంచిన సీసా మూత తీసేసరికి వాసన కొట్టింది. గింజ నుంచి వచ్చిన సేంద్రియ పదార్థం నీటిలో మిగిలి సూక్ష్మజీవులకు ఆహారమవుతుందని, అందుకే ఆ నీటిని ఎక్కువ కాలం నిల్వ ఉంచలేమని అక్కడ చెప్పడం తేలికయింది.

నల్లగొండలో నీటి గురించి పాఠం చెబుతూ ఫ్లోరైడ్ దగ్గరికి రాకుండా ఉండలేము. పిల్లల్లో చాలామందికి తేట నీరే మంచి నీరన్న నమ్మకం ఉంటుంది. "మా బోరు నీళ్లు అద్దం లెక్క ఉంటయి మేడం" అని గర్వంగా చెబుతారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో ఎన్నో తరాలను ఎముకలు వంకరపోయేలా చేసినవి అటువంటి తేట నీళ్లే. ఇక్కడి గ్రానైట్, నైస్ శిలల్లో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలలో ఫ్లోరైడ్ ఉంటుంది. కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్న భూగర్భ జలం ఆ రాళ్లతో ఏళ్ల తరబడి కలిసి ఉన్నప్పుడు ఫ్లోరైడ్ కరిగి వస్తుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. చెరువు నీళ్లు చూడడానికి మురికిగా ఉన్నా వాటిలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువగానే ఉంటుందన్నది పిల్లలకు తలకిందులుగా తోచే సంగతి.

మన జిల్లా పేరును ప్రపంచంలోని నీటి ఇంజినీర్లకు పరిచయం చేసిన పద్ధతి కూడా ఈ పటికతోనే ముడిపడి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరీ, 1970లలో రూపొందించిన నల్లగొండ టెక్నిక్‌లో నీటికి సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, పేరుకోనిచ్చి, వడపోస్తారు. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దలు అడుగుకు దిగుతూ ఫ్లోరైడ్‌ను కూడా తమతో తీసుకుపోతాయి. ఎంత పటిక వేయాలో చెప్పే పట్టికలో ఫ్లోరైడ్ ఎంత ఉందన్నది ఒక వైపు ఉంటే, నీటి క్షారత, అంటే ఆమ్లాన్ని అడ్డుకునే శక్తి, ఎంత ఉందన్నది మరో వైపు ఉంటుంది. ఈ క్షారత ఎందుకన్న ప్రశ్న దగ్గర తొమ్మిదో తరగతి పిల్లలు, ఆమ్లం తగిలితే గులాబీ రంగుకు మారే మందార పూల రసంతో ఒక ప్రయోగం చేశారు. వాన నీళ్లు ఒక గ్లాసులో, బోరు నీళ్లు ఇంకొక గ్లాసులో పోసి, రెండింటిలో సమానంగా మందార రసం కలిపి, పటిక ద్రావణాన్ని చుక్క చుక్కగా వేస్తూ పోయారు. వాన నీళ్లు కొద్ది చుక్కలకే గులాబీ రంగుకు తిరిగాయి. బోరు నీళ్లు మాత్రం పోస్తున్న కొద్దీ తాగుతున్నట్టే ఉండి, చాలా ఆలస్యంగా రంగు మార్చాయి. పటిక నీటిలో ఆమ్లతను పుట్టిస్తుందని, బోరు నీటిలోని బైకార్బొనేట్ దానిని అడ్డుకుంటుందని, అడ్డుకునే శక్తి చాలని నీటికి సున్నం కలపవలసి వస్తుందని ఆ రెండు గ్లాసులు చూపించాయి.

తేటపడిన ఆ నీళ్లను తాగవద్దని ప్రతిసారి గట్టిగా చెబుతాను. ఇది శుద్ధి చేసే యంత్రం కాదు, ప్రయోగం. అల్యూమినియం ఎక్కువ మిగిలినా మంచిది కాదు, ఫ్లోరైడ్ పేరుకున్న బురదను ఎక్కడ పారవేయాలన్నది ఇంకొక సమస్య. ఇప్పుడు మా ఊళ్లకు మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు వస్తున్నాయి కాబట్టి పిల్లల దృష్టిలో ఇదంతా పాత కథ. మరొక మాట. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద వచ్చే గోధుమ మచ్చలను సర్వే చేద్దామని ఒక జట్టు ఉత్సాహంగా ముందుకు వస్తే ఒప్పుకోలేదు. తోటి పిల్లల నోళ్లు తెరిపించి లెక్కపెట్టడం విచారణ పేరుతో చేసే అవమానం. దానికి బదులుగా ఊరిలో ఏ బావి నీళ్లు ఎప్పటి వరకు తాగారో పెద్దవాళ్లను అడిగి ఊరి పటం మీద గుర్తించుకొచ్చారు. వయసు పైబడిన వాళ్లు ఎంత వివరంగా చెప్పారంటే, మూసేసిన చేదబావులు కూడా ఆ పటం మీదికి వచ్చాయి.

ఒక బడి కూడా చాలని ప్రశ్నలు ఉంటాయి. రెండువేల రెండువందల ఏళ్ల కిందట ఎరటోస్థనీస్ అనే గ్రీకు పండితుడు రెండు ఊళ్లలో నీడల తేడాతో భూమి చుట్టుకొలతను లెక్కగట్టాడని పుస్తకంలో చదవడం వేరు, ఆదిలాబాద్‌లో ఉన్న స్నేహితురాలి బడితో కలిసి చేసి చూడడం వేరు. ఆగస్టు మొదటి వారంలో మా నెత్తి మీద సూర్యుడు నిట్టనిలువుగా వచ్చి నీడ మాయమయ్యే రోజు ఉంది గానీ, ఆ వారమంతా మబ్బులే. అందుకని డిసెంబరు చివర్లో పెట్టుకున్నాం. మీటరు పొడవు కర్రను నిట్టనిలువుగా పాతి, మధ్యాహ్నం నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు కొలవాలి. ఆ సమయం పన్నెండింటికి కాదన్నదే మొదటి ఆశ్చర్యం. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానికి చెందినది, మనం దానికి పడమర ఉన్నాం కాబట్టి మన మధ్యాహ్నం ఆలస్యంగా వస్తుంది. ఆ రోజుల్లో నల్లగొండలో నీడ సుమారు 85 సెంటీమీటర్లు, ఆదిలాబాద్‌లో సుమారు 93. కర్రకూ సూర్యకిరణానికీ మధ్య కోణాల్లో తేడా రెండున్నర డిగ్రీలకు కొంచెం పైన. 360 డిగ్రీల్లో ఆ తేడా ఎంత భాగమో, భూమి చుట్టుకొలతలో రెండు ఊళ్ల మధ్య దూరం అంత భాగం.

దూరం దగ్గర పిల్లలు బస్సు దారి పట్టుకున్నారు. హైదరాబాద్ మీదుగా వెళ్లే నాలుగు వందల కిలోమీటర్లతో లెక్క వేస్తే భూమి చుట్టుకొలత యాభై వేలు దాటిపోయింది. అట్లాసులో నలభై వేలని ఉంది. నీడ తప్పు కొలిచారని ఆదిలాబాద్ పిల్లల మీద నింద పడింది, ఫోనులో వాళ్లు ఒప్పుకోలేదు. తప్పు దారిదని, బస్సు వంకలు తిరుగుతుందని, తూర్పు పడమరల దూరం ఇక్కడ లెక్కలోకి రాదని, పటం మీద కేవలం ఉత్తర దక్షిణాల దూరాన్నే తీసుకోవాలని తేలడానికి రెండు బడుల మధ్య చాలా మాటలు నడిచాయి. ఆ దూరం సుమారు 290 కిలోమీటర్లు. దానితో వేసిన లెక్క నలభై వేలకు దగ్గరగా వచ్చింది.

అన్ని పాఠాలనూ ఇలాగే చెప్పాలని నేను అనడం లేదు, అనేవాళ్లతో ఏకీభవించను కూడా. సంయోజకత అంటే ఏమిటో, పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎలా అమరి ఉంటాయో పిల్లలు పెరట్లో కనుక్కోలేరు. అటువంటివి నల్లబల్ల మీద సూటిగా చెప్పడమే న్యాయం. పునాది లేని పిల్లలకు మార్గదర్శనం లేకుండా అంతా మీరే కనుక్కోండని వదిలేస్తే నేర్చుకునేది తక్కువని 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు గట్టిగా వాదించారు. ఆ విమర్శలో నిజం ఉంది. పటిక పాఠంలో కూడా ఒకేసారి ఒక్క విషయాన్నే మార్చాలన్న నియమాన్ని నేను ముందుగానే నేర్పుతాను. అది తెలియకపోతే పిల్లలు నీళ్లు, మోతాదు, తిప్పే తీరు మూడూ ఒక్కసారే మార్చి ఏ నిర్ణయానికీ రాలేరు. చెప్పవలసినది ముందు చెప్పి, తేల్చవలసినది వాళ్లకు వదలాలి. ఆ గీత ఎక్కడ గీయాలన్నది ఒక్కో తరగతికి ఒక్కో రకంగా ఉంటుంది.

సమయం గురించి తోటి ఉపాధ్యాయులు అడిగే ప్రశ్న సమంజసమైనదే. ఒక్క పీరియడ్‌లో ఇది సాగదు. మా బడిలో సోషల్ చెప్పే సార్‌తో మాట్లాడుకుని వారానికి ఒకసారి రెండు పీరియడ్లు జతచేసుకుంటాను, ఆయనకు ఇంకొక రోజు తిరిగి ఇచ్చేస్తాను. పదో తరగతికి జనవరి దాటితే ప్రయోగాల ఊసెత్తను. అప్పటికి పిల్లలకు పరీక్ష తప్ప ఇంకేదీ వినబడదు. ఖర్చు ఒక అడ్డంకి అని మాత్రం ఒప్పుకోను. పటిక కిరాణా దుకాణంలో, సిరంజిలు మెడికల్ షాపులో, సీసాలు ఊరి పెళ్లిళ్లలో కావలసినన్ని దొరుకుతాయి.

మార్కుల విషయంలో నేను జట్టుకు ఒక మార్కు, మనిషికి ఒక మార్కు విడిగా వేస్తాను. జట్టు మార్కు పట్టికకు, అంటే కొలతలు ఇంకొకరు చదివి మళ్లీ చేయగలిగేంత స్పష్టంగా ఉన్నాయా లేదా అన్నదానికి. మనిషి మార్కు నేను నిలబెట్టి అడిగే ఒక ప్రశ్నకు. "మీ జట్టులో ఇంకొకరు చెప్పిన ఏ మాట వల్ల నువ్వు పని మార్చుకున్నావు?" అన్నదే ఆ ప్రశ్న. ఏమీ చేయకుండా కూర్చున్న పిల్లవాడు దీనికి జవాబు కల్పించలేడు. బాగా చదివే పిల్లలకు కూడా ఇది మొదట్లో కష్టమే, ఎందుకంటే వాళ్లకు ఎవరి మాటా వినే అవసరం అంతవరకు రాలేదు.

ఈ ఏడాది తొమ్మిదో తరగతి వాళ్లే ప్రశ్న తెచ్చారు. మా బడి దగ్గర తవ్విన ఇంకుడు గుంతలో నీళ్లు సాయంత్రానికి ఇంకిపోతుంటే, వాగు అవతల రేగడి భూమిలో తవ్విన గుంతలో రెండు రోజులైనా నిలిచి ఉంటున్నాయట. చెల్క మట్టి (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర మట్టి), రేగడి మట్టి, రెండూ కలిసిన మట్టి తెచ్చి, అడుగు కోసి తలకిందులుగా నిలిపిన సీసాల్లో నింపి, ఒకే కొలత నీళ్లు పోసి చూడాలని అనుకున్నారు. మట్టిని సీసాలో ఎంత గట్టిగా అదమాలన్న దగ్గర రెండు జట్లకు ఇంకా పొత్తు కుదరలేదు. పొలంలో ఉన్నంత గట్టిగా అదమాలని ఒక జట్టు, అది ఎంతో ఎట్ల తెలుస్తుందని రెండో జట్టు. ఇనుప కడ్డీని ఒకే ఎత్తు నుంచి వదిలి అది ఎంత లోతు దిగుతుందో పొలంలోనూ సీసాలోనూ పోల్చి చూద్దామని నిన్న ఎవరో అన్నారట. కడ్డీ కోసం ఊళ్లోని వెల్డింగ్ దుకాణానికి వెళ్లడానికి శనివారం మధ్యాహ్నం అనుమతి అడిగారు. ఇచ్చాను.